లియాండర్ బ్లేజ్ ఆకుపచ్చ కోటు

హెస్సిల్ రోడ్, హల్
అక్టోబర్ 1971

ఒరేయ్ కాలిన్,

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు గీసిన కోటు బొమ్మ అందాయి. బొమ్మను ఎటు తిప్పి చూసినా ముందు ఏదో వెనక ఏదో అర్థం కాలేదు. భుజాల మీద ఆ రెక్కలేమిటి? పాడటానికి వెళ్తున్నావా, ఎగరటానికి వెళ్తున్నావా? నేను పనిచేసే కుట్టు షాపులో గోల్డింగ్ గారికి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఇది మగాడికేనా?" అన్నాడు. "మా తమ్ముడికండీ" అన్నాను. "నేనడిగింది కూడా అదేనమ్మా" అన్నాడు. షాపంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను.

నవ్వినా సరే, కుడతాను. నీ చిన్నప్పటి నుంచి నీ చొక్కాలన్నీ నేను కుట్టినవే కదా. అమ్మ పోయేనాటికి నీకు ఆరేళ్లు, గుండీలు కూడా నేనే పెట్టేదాన్ని. ఇప్పుడు నువ్వు సగం గుండీలు విప్పుకుని వేదిక ఎక్కుతున్నావని ఎవరో చెప్పారు. జలుబు చేస్తుంది.

నాన్న ఈ ఉదయం ఓడెక్కాడు. మళ్లీ అదే చేపల ఓడ, కింగ్ ఎడ్రెడ్ మీదే, మళ్లీ ఐస్‌లాండ్ నీళ్లలోకే. మూడు వారాలకు గాని రాడు. బోసన్ అయ్యాక డెక్కు మీద మనుషులందరి భారం ఆయనదే, ముఖం ఇంకా బిగుసుకుపోయింది. బుట్టెడు మాసిన బట్టలున్నా ఈ రోజు నీళ్లలో పెట్టలేదు. ఓడ కదిలిన రోజు ఇంట్లో బట్టలుతికితే ఆ మనిషిని సముద్రం ఉతికేస్తుందని అమ్మ భయపడేది, నేనూ అలాగే భయపడతాను. నువ్వు లండన్‌లో కూర్చుని నవ్వుకో.

వెళ్తూ నాన్న నీ పేరు మాత్రం ఎత్తలేదు. ఒక్క సముద్రయానం చేసి, "ఇది నా వల్ల కాదు" అని నువ్వు ఓడ దిగి వచ్చేసిన రోజు నుంచి రెండేళ్లుగా ఇదే వరస. కానీ రేడియోలో సముద్రం మీద గాలీవానా గురించి చెప్పడం అయిపోయాక ఒకప్పుడు టక్కున కట్టేసేవాడు. ఇప్పుడు లండన్ వాతావరణం చెప్పేదాకా ఆగి అప్పుడు కడుతున్నాడు. నేను చూడనట్టే ఊరుకుంటాను. మీరిద్దరూ ఒక్కసారి ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటే చూడాలని ఉందిరా. నాకు వేరే కోరికలేం లేవు. క్రిస్మస్‌కు రా.

నీ అక్క
డోరీన్


ఎర్ల్స్ కోర్ట్, లండన్
నవంబర్ 1971

అక్కా,

నీకు తమ్ముడు మారిపోయాడు. కాలిన్ స్టేథర్స్ అనేవాడు పోయిన మంగళవారంతో చెల్లిపోయాడు. ఇప్పుడు నా పేరు లియాండర్ బ్లేజ్. నవ్వకు. లయనెల్ ప్రేగర్ అని ఒకాయన దొరికాడు, ఇక నుంచి నా కచేరీలు, రికార్డులు అన్నీ ఆయనే చూసుకుంటాడు. "కాలిన్ అనేవాడు బస్సులో టికెట్లు కొడతాడు, లియాండర్ అయితే ఆడపిల్లల నిద్ర చెడగొడతాడు" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ పేరు పిలిస్తే వెనక్కి తిరిగి చూడటం ఇంకా అలవాటు కాలేదు. నిన్న రిహార్సల్‌లో ఆయన మూడుసార్లు పిలిచాడట.

క్రాయిడన్‌లో ఒక పబ్బులో పాడాను. కనురెప్పలకు వెండిరంగు, బుగ్గల మీద మెరుపుపొడి. నేను లోపలికి రాగానే తాగుతున్నవాళ్లంతా గ్లాసులు దించారు. "ఓ పిల్లా, ఏం తాగుతావ్?" అని ఒకడు అరిచాడు. తలుపు ఎటుందా అని చూశానక్కా. కానీ గిటారు మొదలవగానే ఏదో అయింది. హాల్లో ఎవరూ పక్కవాడితో మాట్లాడలేదు. అరిచినవాడే ఆఖర్లో వచ్చి, "మా ఆవిడకు నీ సంతకం కావాలి" అన్నాడు. ఆవిడ ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

ఓడ మీద నేను పనికిమాలినవాడిని. అది నాన్నకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడ మాత్రం నేను సరిగ్గా ఉండవలసిన చోట ఉన్నాననిపిస్తోంది. ఇది ఆయనకెలా చెప్పాలో తెలియక చెప్పడం మానేశాను.

ఇక అసలు సంగతి. కోటు, ప్యాంటు రెండూ ఆకుపచ్చ శాటిన్‌లో కావాలి, తళతళలాడే ఆకుపచ్చ. అందరూ వెండి, బంగారం వేసేస్తున్నారట. ఆకుపచ్చ ఇంకా ఎవడూ ముట్టుకోలేదట. నువ్వేమంటావో తెలుసు. అయినా అడుగుతున్నాను, మా మంచి అక్కవు కదూ.

నీ తమ్ముడు
లియాండర్ (కాలిన్)


హెస్సిల్ రోడ్, హల్
నవంబర్ 1971

ఒరేయ్ కాలిన్,

లియాండర్ గారికి వేరే ఉత్తరం రాయను, ఇది నీకు.

ఆకుపచ్చ గుడ్డ ఈ గడప తొక్కదు. ఇంట్లో ఒక మనిషి సముద్రం మీద ఉండగా, ఓడను ముంచే ఆ రంగు వేసుకునే ధైర్యం ఈ వీధిలో ఎవరికైనా ఉందా? పక్కింటి ఈనిడ్ పిన్ని తలుపుకు ఆకుపచ్చ రంగు వేయబోయిన పాపానికి ఆ పెయింటర్‌ను చీపురు తీసుకుని తరిమింది, నీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లాయన ఆల్ఫ్ బాబాయ్ కూడా నాన్నతో అదే ఓడలో ఉన్నాడు. నేను ఆకుపచ్చ కుట్టానని తెలిస్తే ఈసారి ఆ చీపురు నా మీదికే వస్తుంది. ఇదంతా మూఢనమ్మకం అంటావు. అనుకో. నీకు అంత తెలివి వచ్చింది గనుక నువ్వు లండన్‌లో ఉన్నావు, నాకు రాలేదు గనుక ఇక్కడున్నాను. నాతో ఆ మాట మళ్లీ ఎత్తకు.

కానీ నిన్ను ఉత్త చేతులతో పంపుతానా? ఒక సంగతి చెబుతాను విను. నీకు తెలియదనుకుంటాను.

నాన్న నీ వయసులో ఉన్నప్పుడు ఓడ దిగితే మూడు రోజులే నేల మీద. ఆ మూడు రోజులూ వీధి వీధంతా పెళ్లికొడుకుల్లా తిరిగేవారట కుర్రాళ్లు. లేత నీలం, గులాబి, లేత ఊదా రంగు సూట్లు. కోటు వెనక విసనకర్రలా మడతలు, జేబులు అర్ధచంద్రాల్లా, ప్యాంటు అడుగు బూట్లు కనపడనంత వెడల్పు. అవన్నీ గోల్డింగ్ గారి నాన్న కుట్టినవే. నాన్నది లేత ఊదా రంగు. అమ్మ ఆయన్ను మొదటిసారి చూసినప్పుడు, "ఈ లంగా కట్టుకున్న అబ్బాయెవరే?" అని స్నేహితురాలిని అడిగిందట. అమ్మే నాకు చెప్పింది, చెబుతూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఆ సూటు ఇంకా బీరువా అడుగున ఉంది. పాతది కదా, ముట్టుకుంటే చిరుగుతుందని దాన్ని అలాగే ఉంచి, కొలతలూ మడతలూ కాగితం మీదికి ఎత్తుకుని, అదే రంగు కొత్త గుడ్డతో నీకు కుట్టాను. భుజాలకు నీ రెక్కలు కూడా పెట్టాను, చిన్నవే. వేసుకుని చూడు. నువ్వేదో కొత్తగా కనిపెట్టాననుకుంటున్నావు గాని, నీ కంటే ముందే నాన్న ఈ వేషం వేశాడు.

క్రిస్మస్ సంగతి రాయలేదేం?

డోరీన్


ఎర్ల్స్ కోర్ట్, లండన్
డిసెంబర్ 1971

అక్కా,

పెట్టె విప్పి సూటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాన్న ఇది వేసుకుని వీధిలో నడిచాడా? మన నాన్నేనా? చిన్నప్పుడు నేను నీ పూసలు వేసుకుంటే ఒక్క చూపుతో తీయించేసిన మనిషేనా? నాకు నవ్వు రాలేదక్కా. ఒక్కసారైనా చెప్పి ఉంటే బాగుండేది.

సూటు అదిరింది. నేను వెనక్కి తిరిగి భుజాలు కదిపితే ఆ మడతలు తెరుచుకుంటాయి, ఆడపిల్లలు కేకలు పెడతారు. రికార్డు వచ్చింది, అమ్ముడుపోతోంది. దుకాణం అద్దం వెనక రికార్డు అట్ట మీద నా ముఖం చూసుకుని, ఎవరైనా గుర్తుపడతారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరూ గుర్తుపట్టలేదు, వాన మొదలైంది, వచ్చేశాను.

క్రిస్మస్‌కు రాలేను. ఆ వారమంతా కచేరీలే. కోప్పడకు. జనవరిలో గురువారం సాయంత్రం టీవీలో వచ్చే పాటల కార్యక్రమానికి పిలిచారు. దేశమంతా చూస్తుంది!

నీ దగ్గర దాచడమెందుకు, లయనెల్ నీ సూటు తీసుకెళ్లి అచ్చం అలాంటిదే ఆకుపచ్చ శాటిన్‌లో ఇక్కడ ఒక టైలర్ చేత కుట్టించాడు. నేను వేసుకోనని చెప్పాను. "నీ ఇష్టం, కొక్కేనికి వేలాడుతూ ఉంటుందిలే" అన్నాడు. వేలాడనీ. టీవీలో నీ ఊదా రంగే, ఒట్టు.

కాలిన్


హెస్సిల్ రోడ్, హల్
జనవరి 1972

కాలిన్, నా బంగారు కొండా,

చూశాం! ఈనిడ్ పిన్ని, వాళ్లమ్మాయి జానిస్, నేను, మన ముందుగదిలో. మన టీవీ సంగతి తెలుసు కదా, రాణిగారైనా బూడిదరంగులోనే కనపడాలి. అయినా నువ్వు వెనక్కి తిరిగి ఆ మడతలు విప్పగానే, "అది నేను కుట్టిందే!" అని అరిచాను. జానిస్ గుక్కపెట్టి ఏడ్చింది. "ఎందుకే ఏడుపు, నీకు ముక్కు తుడుచుకోవడం నేర్పింది ఆ అబ్బాయే, ఈ ఇంట్లోనే" అంది వాళ్లమ్మ. ఈనిడ్ పిన్నికి నీ కళ్ల రంగు మాత్రం నచ్చలేదు. "పొయ్యిలో తల పెట్టాడేమిటి?" అని అడిగింది.

ఇప్పుడు అసలు మాట. నాన్న ఇంట్లోనే ఉన్నాడు, ముందు రోజే ఓడ దిగాడు. టీవీ పెడుతుంటే లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. నువ్వు పాడటం మొదలుపెట్టాక చూస్తే, టీ కప్పు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాట అయిపోయేదాకా కదల్లేదు, కప్పు నోటి దాకా తీసుకెళ్లలేదు. అయిపోయాక, "ఆ ప్యాంటు కుట్టు నాకు తెలుసు" అన్నాడు. అంతే. కానీ రెండేళ్లలో నీ గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. నేను స్నానాలగదిలోకి వెళ్లి ఏడ్చాను, సంతోషంతోనే.

శనివారం మళ్లీ ఓడెక్కాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "వాడు ఊళ్లోకి వస్తే చెప్పు" అన్నాడు.

ఊదా రంగు ఆ లైట్లకింద ఎలా కనపడిందో రాయి. మనకిక్కడ అంతా ఒకటే రంగు.

నీ అక్క
డోరీన్


న్యూకాసిల్, హోటల్ నుంచి
జనవరి చివర, 1972

అక్కా,

నాన్న అలా అన్నాడని చదివి మంచం మీద గెంతాను. కిందగదివాళ్లు పైకప్పు కొట్టారు.

సూటు చాలా బాగా కనపడింది. అవును, నువ్వు కుట్టిందే. అందరూ మెచ్చుకున్నారు.

రోజుకో ఊరు, ఏ ఊళ్లో ఉన్నానో దుకాణాల బోర్డుల మీద పేర్లు చూసి తెలుసుకుంటున్నాను. కారు చుట్టూ ఆడపిల్లలు. నిన్న ఒకమ్మాయి నా చెవిపోగు లాక్కుని పారిపోయింది, చెవి ఇంకా మండుతోంది. రికార్డు అమ్మకాల్లో దేశంలోనే మూడో స్థానంలో ఉంది. లయనెల్ పత్రికలవాళ్లతో మాట్లాడుతూనే ఉంటాడు, ఫొటోలు తీయిస్తూనే ఉంటాడు. నేను నిద్రపోతున్నప్పుడు కూడా నా గురించి ఎవరో ఏదో రాస్తున్నారు.

మార్చిలో మన సిటీ హాల్లో కచేరీ! నీకు, ఈనిడ్ పిన్నికి, జానిస్‌కు ముందు వరసలో సీట్లు. నాన్న అప్పటికి నేల మీద ఉంటాడా? అడుగు. నేనడిగానని చెప్పు. వద్దు, నువ్వే అడిగినట్టు అడుగు.

కాలిన్


హెస్సిల్ రోడ్, హల్
ఫిబ్రవరి 1972

కాలిన్,

కరెంటు లేదు, కొవ్వొత్తి పెట్టుకుని రాస్తున్నాను. ఎక్కువ రాయలేను.

నాన్న ఓడ నుంచి కబురు లేదు. ఐస్‌లాండ్‌కు ఉత్తరాన పెద్ద తుపాను, మంచు గడ్డకడుతోంది అన్నదే కింగ్ ఎడ్రెడ్ నుంచి వచ్చిన ఆఖరి మాట. తరవాత రేడియోలో ఏ గొంతూ లేదు. మిగతా ఓడలు పిలుస్తున్నాయి, ఇది పలకడం లేదు. జాలర్ల మిషన్ తరఫున చావు కబుర్లు చెప్పే పెద్దమనిషి నల్లకోటు వేసుకుని వీధిలోకి వస్తే ఆడవాళ్లంతా కిటికీల దగ్గరికి చేరుతున్నారు, ఎవరి గుమ్మం దగ్గర ఆగుతాడోనని. నిన్న మన గుమ్మం దాటి వెళ్లాడు.

ఇవాళ ఈనిడ్ పిన్ని వచ్చింది. ఏడుస్తుందేమో, పక్కన కూర్చుందామనుకున్నాను. ఆమె చేతిలో జానిస్ గోడకు అంటించుకున్న పెద్ద రంగుల బొమ్మ ఉంది. ఏదో అమ్మాయిల పత్రికతో ఇచ్చారట. నువ్వు. తల నుంచి కాళ్ల దాకా ఆకుపచ్చ. కింద "దేశాన్ని వెర్రెత్తించిన పచ్చచిలక" అని రాసి ఉంది. టీవీలో కూడా అదే వేసుకున్నాడని, ప్రతి ఊళ్లోనూ అదే వేసుకుంటున్నాడని లోపల రాశారు.

ఈనిడ్ పిన్ని అరవలేదు. "మా ఆయన కూడా అదే ఓడలో ఉన్నాడు కదమ్మా డోరీన్" అంది. బొమ్మను బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేది.

నాతో ఎందుకు అబద్ధం చెప్పావు? ఆకుపచ్చ వేసుకున్నందుకు కాదు నా బాధ, అది కూడా ఉంది, కానీ నేను అడిగాను. రంగు ఎలా కనపడిందని పిచ్చిదానిలా అడిగాను. నువ్వు నేను కుట్టిందే అన్నావు.

ప్రస్తుతం ఈ వీధిలోకి రాకు.

డోరీన్


షెఫీల్డ్
ఫిబ్రవరి 1972

అక్కా,

ఇక్కడ రేడియోలో కింగ్ ఎడ్రెడ్ పేరు విన్నప్పటి నుంచి నాకు తిండి దిగడం లేదు. నీ ఉత్తరం నా వెనక ఊరూరూ తిరిగి ఈ ఉదయం చేరింది.

జరిగింది జరిగినట్టు చెబుతాను. టీవీ స్టూడియోలో నీ ఊదా సూటే వేసుకుని నిలబడ్డాను. ఆ లైట్లు, ఆ రంగుల కెమెరాలు చూపించే తెర మీద అది అంట్లు తోమిన నీళ్లలా కనపడింది. "ఇలా అయితే మనిషి కనపడడు, వేరేది లేదా?" అన్నాడు అక్కడి పెద్దాయన. లయనెల్ ఆకుపచ్చది చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? మన వీధిలో కలర్ టీవీ ఎవరికుంది అనుకున్నాను. నాన్న కూడా నేల మీదే ఉన్నాడు కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నాకు నేనే చాలా తెలివైనవాడిలా కనపడ్డాను. ఆ తరవాత జనం ఆకుపచ్చే కావాలన్నారు. నాన్న ఓడెక్కిన సంగతి నువ్వు రాశాక కూడా నేను విప్పలేదు. నీకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే నాన్న నా గురించి మాట్లాడింది ఆ సూటు చూసే. అది మనది కాదని చెబితే ఆ మాట వెనక్కి పోతుందని భయపడ్డాను.

లండన్‌లో నేనిదంతా నమ్మనని అంటాను. కానీ నీ ఉత్తరం చదవగానే ముందు చేసిన పని ఆ కోటు మడిచి పెట్టె అడుగున పడేయడం. మన ఇంట్లో పుట్టినవాడినే కదా నేను కూడా.

ఈ సాయంత్రం ఊదా సూటులో పాడాను. "ఆకుపచ్చ! ఆకుపచ్చ!" అని కాళ్లు నేలకేసి కొట్టారు. సగంలో లేచి వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. లయనెల్ నాతో మాట్లాడటం లేదు. పర్వాలేదు.

కబురు తెలిస్తే థియేటర్‌కు ఫోన్ చెయ్యి. ఏ కబురైనా సరే. అక్కా, నాకు నాన్న కావాలి.

కాలిన్


హెస్సిల్ రోడ్, హల్
ఫిబ్రవరి చివర, 1972

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్‌లో నా ఏడుపు తప్ప నీకేమీ వినపడి ఉండదు, అందుకే మళ్లీ రాస్తున్నాను. బతికే ఉన్నారు. అందరూ! మంచు బరువుకు రేడియో తీగలు తెగి పడిపోయాయట. డెక్కు మీద, స్తంభాల మీద, తాళ్ల మీద ఎక్కడ చూసినా మంచుగడ్డే. ఓడ ఒక పక్కకు ఒరిగిపోతుంటే గొడ్డళ్లతో నరుకుతూనే ఉన్నారట. చివరికి కొండల మధ్య ఒక ఇరుకు సముద్రపాయలోకి దూరి తలదాచుకున్నారు. నాన్న బుగ్గల మీద చర్మం ఊడిపోయింది. వేళ్లు వంగడం లేదు, నేనే చెంచాతో తినిపిస్తే చిన్నపిల్లాడిలా కోపం.

ఈనిడ్ పిన్ని ఆల్ఫ్ బాబాయ్‌ను రేవులోనే కొట్టింది, తరవాత ముద్దు పెట్టుకుంది. మన ఇంటికి వచ్చి నన్నూ పట్టుకుని ఏడ్చింది. నీ మీద కోపం పోలేదు, కాస్త తగ్గింది.

ఆ బొమ్మ నేను దాచాను గాని నాన్న చూశాడు. ఎవరో ఓడ దిగగానే చెప్పేశారు. "ఏదీ, చూపించు" అన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో పెట్టుకుని చూశాడు. తిరిగి నా చేతికిచ్చి, మాట మార్చి ఓడ సంగతులు ఎత్తుకున్నాడు. నాకు భయంగా ఉందిరా, మళ్లీ మొదటికొచ్చామేమోనని.

నేను కూడా ఆ రోజు గట్టిగా రాశాను. అన్నం తిను.

డోరీన్


లీడ్స్
మార్చి 1972

అక్కా,

నాన్న వేళ్లు ఎలా ఉన్నాయి? ఎంత చల్లగా ఉన్నా చేతులకు ఏమీ వేసుకోడు, ఆయన సంగతి నాకు తెలుసు.

నా సంగతి తేలిపోయింది. లయనెల్ నిన్న కూర్చోబెట్టి మాట్లాడాడు. మంచివాడే, అరవలేదు. "జనం టికెట్టు కొనేది పచ్చచిలకను చూడటానికి, నిన్ను చూడటానికి కాదు" అన్నాడు. హల్ కచేరీ నుంచి ఏప్రిల్ చివర టూరు అయ్యేదాకా ఆకుపచ్చ వేసుకుంటే రెండో రికార్డు వస్తుంది. లేదంటే ఆ పాటను ఇంకో కుర్రాడి చేత పాడిస్తారు, వాణ్ణి ఇప్పటికే చూసి పెట్టారు. వాడికి నా కంటే పొడుగు కాళ్లున్నాయి.

వేసుకోనని చెప్పేశాను. నాన్న ఇంకో వారంలో మళ్లీ ఓడెక్కుతాడు కదా. ఆయన సముద్రం మీద ఉండగా నేను ఆ కోటులో నిలబడి పాడలేను. నోట్లోంచి పాట రాదు. అబద్ధమెందుకు, ఏడుపొస్తోంది. ఇంత దగ్గరగా వచ్చి, చేతికి అందినదాన్ని వదిలేస్తున్నాను. కానీ ఆయన్ను పోగొట్టుకునే కంటే ఇది నయం. హల్‌లో ఊదా సూటులో పాడతాను, అదే ఆఖరిది. తరవాత గోల్డింగ్ గారి షాపులో పనేదైనా ఉందేమో అడుగు. గుండీలు కుట్టడం వచ్చు.

నాన్నకు ఇదేమీ చెప్పకు.

కాలిన్


హెస్సిల్ రోడ్, హల్
మార్చి 1972

ఒరేయ్ కాలిన్,

చెప్పేశాను. ఉత్తరం మొత్తం పైకి చదివి వినిపించాను. నువ్వేం చేస్తావో చేసుకో.

పొడుగు కాళ్ల కుర్రాడి దగ్గర, "మళ్లీ చదువు" అన్నాడు నాన్న. మళ్లీ చదివాను. పైపు వెలిగించబోయి మానేశాడు. నాకు ఉండబట్టలేదు. "నాన్నా, వాడి కోటుకూ ఆ మంచుకూ సంబంధం ఏముంది చెప్పు?" అన్నాను.

"లేదని నువ్వు చెప్పగలవా?" అన్నాడు.

ఆలోచించాను. "చెప్పలేను" అన్నాను.

"నేనూ చెప్పలేను" అన్నాడు. అంతటితో లేచి పడుకోవడానికి వెళ్లిపోయాడు. నేను చెడగొట్టాననే అనుకున్నాను.

మర్నాడు ఆదివారపు టోపీ పెట్టుకుని బయటికి వెళ్లాడు. ఎక్కడికో చెప్పలేదు. తరవాత జరిగింది నాకు ఆల్ఫ్ బాబాయ్ చెప్పాడు, ఆయన అక్కడే ఉన్నాడు. నాన్న ఓడకు మనుషుల పేర్లు రాసుకునే ఆఫీసుకు వెళ్లాడట. వరసలో అందరూ కింగ్ ఎడ్రెడ్ వాళ్లే. నాన్న వంతు రాగానే, "ఈసారి నా పేరు రాయకు" అన్నాడట.

పేర్లు రాసే ఆయన తలెత్తి, "ఏంటి వాల్ట్, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. మా వాడు ఆకుపచ్చ వేసుకుంటున్నాడు."

ఒక్కడు నవ్వలేదటరా. అంతమంది మగాళ్లలో ఒక్కడంటే ఒక్కడు. పేర్లు రాసే ఆయన పెన్ను పక్కన పెట్టి, జ్వరమొచ్చినవాడిని అడిగినట్టు, "ఎన్నాళ్లు?" అన్నాడట.

"టూరు అయిపోయేదాకా. ఏప్రిల్ చివరికి."

"సరే, అయ్యాక రా."

ఆల్ఫ్ బాబాయ్ ఇంటికొచ్చి ఈనిడ్ పిన్నికి చెబితే ఆమె మన ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఇంటి మనిషి ఓడలో లేకపోతే ఆ ఇంటి రంగు ఓడకు తగలదని ఇద్దరూ తేల్చేశారు. జానిస్‌ను మాత్రం ఆకుపచ్చ రిబ్బను పెట్టుకోనివ్వరట, వాళ్ల నాన్న వెళ్తున్నాడు కదా. ఆ పిల్ల గోల భరించలేకపోతున్నాం.

అమ్మ పోయినప్పుడు కూడా నాన్న సముద్రం మానలేదు, నీకు గుర్తుండదు గాని నాకు గుర్తుంది. వారం తిరక్కుండా ఓడెక్కాడు. ఖాళీగా కూర్చోలేనని నిన్ననే రేవులో చేపలు దించే కూలీల్లో చేరాడు. బోసన్‌గా ఇరవైమందికి పని చెప్పిన మనిషి, చెక్కబూట్లు వేసుకుని, ఇంకా సరిగా వంగని వేళ్లతో బుట్టలు లాగుతున్నాడు. "బోసన్ గారూ, మా దగ్గరికి దిగొచ్చారేంటి?" అని అక్కడి కుర్రాళ్లు ఆటపట్టించారట. "మా వాడి పని మీద వచ్చాను" అన్నాడట.

కచేరీకి వస్తాడా అని నన్నడగకు, నేనూ అడగలేదు. టికెట్టు గడియారం వెనక పెట్టాను, తీస్తే తీస్తాడు. వాదించడానికి కూడా చూడకు. నువ్వు ఆకుపచ్చ మానెయ్యడానికి కాదు నాన్న నేల మీద ఆగింది.

కాబట్టి ఆ కోటు పెట్టెలోంచి తియ్యి, నలిగి ఉంటుంది, ఆవిరి పట్టించు. ఇక ఒక్క రాత్రి కూడా అది కొక్కేనికి వేలాడకూడదు. అది నీ ఒంటి మీద ఉండాలనే ఇక్కడ ఒకాయన నేల మీద ఉన్నాడు.

నీ అక్క
డోరీన్